మలాము పోయిన రేజరు, తెరుచుకోని రేజరు

బంగారు మలాము పోవడానికి నాలుగు నిమిషాలు చాలాయి.

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో మూడు వందల యాభై రూపాయలకు కొన్న రేజరు అది. పాత మిక్సీ జార్లు, చెవులు లేని తాళాలు, కాడ విరిగిన కళ్లజోళ్ల మధ్య పడి ఉంది. చేతిలోకి తీసుకోగానే బరువు తెలిసింది. ఒళ్లంతా నల్లగా ఉన్నా మూత వంపులో ఒకచోట పచ్చటి మెరుపు. జిలెట్ కంపెనీ 1938లో తెచ్చిన టెక్ అనే రకం. అందులో ఉండేవి మూడే ముక్కలు: పైన మూత, కింద పలక, పిడి. మూతకూ పలకకూ మధ్య బ్లేడు పెట్టి పిడి తిప్పితే బిగుసుకుంటుంది. విడదీస్తే మళ్లీ బిగించడం రాదేమో అన్న భయం కూడా అక్కరలేదు. అంత సులువైన వస్తువును ఎలా పాడు చేయవచ్చో ఆ సాయంత్రం తెలుసుకున్నాను.

ఇత్తడి కనిపిస్తే చింతపండు గుర్తుకు రావడం మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. పండగ ముందు రోజు అమ్మ బిందెలు, చెంబులు, దీపపు కుందెలు పెరట్లో పోసి, చింతపండు పులిమి, బూడిదతో తోమేది. నేనూ అదే చేశాను. మూడు ముక్కలకూ చింతపండు గుజ్జు పట్టించి, పూజ సామాను తోమే పొడి చల్లి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దాను. నలుపు వదిలింది. లోపలి నుంచి బంగారం బయటపడింది. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆనందంలో ఇంకాస్త రుద్దాను. కడిగి దీపం కింద పెట్టి చూస్తే మూత మీద రెండు రంగులు కనిపించాయి. అంచుల్లో బంగారం, నడుమ ఉత్త ఇత్తడి.

"బాగుందండీ, మన పూజ గంటలాగే మెరుస్తోంది" అంది మా ఆవిడ. మెచ్చుకోలే. నాకు మాత్రం అన్నం సహించలేదు.

తర్వాత చదివితే, నాకన్నా ముందు ఆ పని చేసినవాళ్లు చాలామంది ఉన్నారని తేలింది. చింతపండులోని పులుపు ఇత్తడి మీది నల్లటి పొరను కరిగిస్తుంది. దాంతోపాటు ప్రతిసారీ కాస్త లోహమూ పోతుంది. బిందెకైతే ఫరవాలేదు, ఎంత లోతు తోమినా అడుగున ఉండేది ఇత్తడే. పాత రేజరు అలా కాదు. ఒళ్లు ఇత్తడిదే అయినా పైన నికెల్ పూతో, బంగారు మలామో ఉంటుంది. నికెల్ గట్టిది, కాస్త తట్టుకుంటుంది. బంగారం మెత్తనిది, పైగా పలచన. పొడిలోని గరుకు దాన్ని గీకేస్తుంది. తళతళ మెరిపించే లోహపు పాలిష్‌లూ, టూత్‌పేస్టూ, తినే సోడా ముద్దా ఇదే జాతి. పేరు ఏదైనా, చేసేది రుద్ది అరగదీయడమే. యాభై అరవై ఏళ్లు డబ్బాలో పడి ఉన్నా ఆ రేజరుకు రానంత నష్టం నేను శుభ్రం చేసిన పూట వచ్చింది. మురికి ఎప్పుడైనా వదులుతుంది. పోయిన మలాము తిరిగి రావాలంటే పూత పోసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి, అప్పుడు అది పాత రేజరూ కాదు.

ఇది జరిగిన రెండు నెలలకు సంక్రాంతికి తెనాలి వెళ్లాం. నా కొత్త పిచ్చి సంగతి మా ఆవిడ ముందే చెప్పేసినట్టుంది. భోగి రోజు తెల్లవారుజామున మంట దగ్గర కూర్చుని ఉండగా మామయ్యగారు లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చారు. "మంటలో వేద్దామనుకున్నాను అల్లుడుగారూ. మీకు పనికొస్తుందేమో చూడండి" అన్నారు. పాత చీపురు, విరిగిన కుర్చీ కాలుతోపాటు దానికీ ముహూర్తం పెట్టారన్నమాట. తెరిచి చూస్తే సూపర్ స్పీడ్. 1947లో మొదలైన రకం. పిడి అడుగున గంటలా విప్పారిన మరను తిప్పితే పైన రెండు రెక్కలు సీతాకోకచిలుకలా తెరుచుకుంటాయి. తెరుచుకోవాలి. ఇది తెరుచుకోలేదు.

ఆయన అన్నగారు అమెరికాలో చదువుకున్నారు. సెలవులకు వచ్చినప్పుడు తమ్ముడికి తెచ్చి ఇచ్చారట. మామయ్యగారు చాలా ఏళ్లు దాంతోనే గడ్డం గీసుకుని, ప్లాస్టిక్ రేజర్లు వచ్చాక డబ్బాలో పడేశారు. బ్లేడు తీయకుండా పడేశారు. అదీ అసలు కథ.

ఈసారి నేను ముందు నీళ్లు ముట్టుకోలేదు. వరండాలో ఎండలో కూర్చుని, మామయ్యగారు పేపరు చదువుకునే భూతద్దంతో పావుగంట చూశాను. రెక్కల సందుల్లో ఎర్రటి తుప్పు. మూలల్లో ఆకుపచ్చ చిలుము. పిడి మీది సన్నటి గళ్లలో తెల్లగా, సున్నంలా గట్టిపడిన పదార్థం. మూడు రంగులకూ మూడు కారణాలు. ఇత్తడికి తుప్పు పట్టదు, చిలుము పడుతుంది. కాబట్టి ఆ ఎరుపు రేజరుది కాదు, లోపల ఉండిపోయిన బ్లేడుది. చిలుము కనిపించిన చోట నికెల్ పొరకు చిల్లు పడి ఇత్తడి బయటపడిందని అర్థం. తెలుపు సబ్బుది. నీళ్లలో సున్నం ఎక్కువైతే సబ్బు దాంతో కలిసి, నీటికి కరగని పొరగా తయారవుతుంది. బోరు నీళ్ల ఊళ్లలో బకెట్ల అంచున పేరుకునేది అదే. పిడిలో మర ఎక్కి దిగే గొట్టం నిండా అది ఉంటే ఇక తిరిగేదెలా?

నా బావమరిది అప్పటికే కటింగ్ ప్లేయర్ పట్టుకుని వచ్చాడు. "బావా, ఒక్క తిప్పు తిప్పనివ్వు, అదే వస్తుంది." వస్తుంది, మర ఊడి వస్తుంది. లోపల రెక్కలను పైకి నెట్టే సన్నటి కడ్డీ ఉంటుంది, అది మెలిపడితే బాగు చేసే మనిషి ఈ దేశంలో దొరకడం కష్టం. ప్లేయర్ పళ్ల గాట్లు సరేసరి. అతన్ని పంపేసి ఒక స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోశాను. చేయి పెట్టి ఉంచగలిగినంత వేడి మాత్రమే. పాతవాటిని మరిగే నీళ్లలో వేయకూడదు. పూత ఎక్కడైనా కింద పట్టు వదిలి ఉంటే అంత వేడికి పొక్కులా లేచి వస్తుంది. పిడి ప్లాస్టిక్‌దైతే అది కూడా పాడవుతుంది. నీళ్లలో గిన్నెలు తోమే ద్రావణం రెండు చుక్కలు వేసి రేజరు ముంచాను.

అంతలో అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చారు. భోగి తలంట్లకు కుంకుడుకాయల పులుసు తీసి ఉంచారు. "గాజులూ గొలుసులూ దీంతోనే కదా కడుగుతాం, దీన్ని కడగకూడదా?" అని అడిగారు. కడగవచ్చు. బంగారు నగలకు పనికొచ్చినంత మెత్తగా దీనికీ పనిచేస్తుంది. నిజంగానే నురగ చక్కగా లోపలికి దిగింది. కానీ వడకట్టినా మిగిలిన కుంకుడు పిప్పి రెక్కల కీళ్లలో చిక్కుకుని, దాన్ని పుల్లతో లాగడానికి మరో పావుగంట పట్టింది. నన్నడిగితే గిన్నెల ద్రావణమే మేలు. ఆ మాట అత్తయ్యగారితో అనలేదు.

మధ్యాహ్నానికి నీళ్లు టీ రంగులోకి మారాయి, పైన తెల్లటి రేణువులు తేలాయి. పారబోసి మళ్లీ పోశాను. రెండు గంటలకోసారి అదే పని. ప్రతిసారీ తీసి మెత్తటి టూత్‌బ్రష్షుతో, రుద్దకుండా, గళ్ల వెంట నడిపించాను. చిన్నపిల్లల బ్రష్షు అయితే ఇంకా మంచిది. సున్నపు పొర మొండిగా ఉన్న ఒకచోట మాత్రం సగం నీళ్లు కలిపిన వెనిగర్ దూదితో అద్ది, రెండు నిమిషాల్లో కడిగేశాను. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టమని చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట వినకండి. పులుపు నికెల్‌ను మబ్బు పట్టినట్టు చేస్తుంది, బయటపడిన ఇత్తడిలోంచి జింకును లాగేసి ఆ చోటును రాగిలా ఎర్రబరుస్తుంది.

బావమరిది ఊరుకునే రకం కాదు. ఈసారి అద్దాలు తుడిచే స్ప్రే సీసా తెచ్చాడు. అలాంటి వాటిలో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది. ఇత్తడికీ అమ్మోనియాకూ పడదు. దీనికి మన దేశంలోనే ఒక పాత కథ ఉంది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో ఇత్తడి తూటాలను గుర్రపుశాలల్లో నిలవ ఉంచితే, ఏ దెబ్బా తగలకుండానే వాటికి పగుళ్లు వచ్చేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అది అని 1921లో తేల్చారు. పాత రేజర్లలో బోలు పిడులవాటికి నిలువునా పగుళ్లు కనిపించడం మామూలే. లోహం ఎప్పటి నుంచో బిగువులో ఉంటుంది. దానికి అమ్మోనియా తోడు చేయడం ఎందుకు? ఈ కథ చెప్పాక మావాడు సీసా వెనక్కి తీసుకెళ్లాడు గానీ, గుర్రాల సంగతి మాత్రం పండగ మూడు రోజులూ అందరికీ చెప్పాడు.

రాత్రికి నీళ్లలోంచి తీసి తుడిచాను. లోపల తుప్పు బ్లేడు ఉన్నప్పుడు రాత్రంతా నీళ్లలో వదిలేస్తే తుప్పును పెంచినట్టే. ఇక కావలసింది నూనె. అత్తయ్యగారు కొబ్బరినూనె సీసా ఇచ్చారు. జనవరి చలికి అది తెల్లగా పేరుకుని ఉంది. రేజరులో వేసినా అంతే, చలికాలం వస్తే పేరుకుంటుంది, వేసవికి కంపు కొడుతుంది. కళ్లు ఇంట్లో నలువైపులా తిప్పితే మూలన కుట్టుమిషను కనిపించింది. దాని సొరుగులో పొడుగు ముక్కు నూనె డబ్బా. అంతకన్నా తగినది దొరకదు. పలచటి ఖనిజ నూనె, ఆరిపోదు, జిగురుకట్టదు. మర మొదట్లో రెండు చుక్కలు, రెక్కల కీళ్లలో చెరో చుక్క వేసి, నూనె గొట్టంలోకి దిగేలా తలకిందులుగా గ్లాసులో నిలబెట్టి పడుకున్నాను.

సంక్రాంతి ఉదయం మర తిరగలేదు.

మళ్లీ గోరువెచ్చని నీళ్లు, మళ్లీ నూనె. వేళ్లు జారుతున్నాయని మామయ్యగారు పాత సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి ఇచ్చారు. మరకు చుట్టి పట్టుకుంటే పట్టు దొరికింది. ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పాను. గట్టిపడిన సబ్బు చిట్లడానికి అదే సులువు. తర్వాత ఇటు. తర్వాత అటు. పదకొండు గంటలప్పుడు టక్కుమని సన్నటి చప్పుడు వినిపించింది. నేను విరిగిందనే అనుకున్నాను. చూస్తే రెక్కల మధ్య బియ్యపు గింజంత సందు.

అప్పుడు తొందరపడితే అంతా వృథా. తిప్పడం, నీళ్లలో ముంచడం, వెదురు పుల్లతో సందులు గీకడం. సూది, చాకు, పిన్నీసు దగ్గరికి రానివ్వకూడదు. ఉక్కు నికెల్ కన్నా గట్టిది, గీత పడితే పడినట్టే. వెదురు పుల్ల విరుగుతుంది గానీ గీయదు. భోజనాల వేళకు రెక్కలు పూర్తిగా విచ్చుకున్నాయి. బ్లేడు మూడు ముక్కలుగా, అప్పడంలా విరుగుతూ వచ్చింది. పట్టకారుతో పేపరు మీద పెట్టాను. మామయ్యగారు ఆ ముక్కల వైపు చాలాసేపు చూశారు. వాళ్ల రోజుల్లో బ్లేడు రెండు మూడు గడ్డాలకే మొద్దుబారేదట, తుడిచి ఆరబెట్టకపోతే మర్నాటికి తుప్పు. అవి మామూలు కార్బన్ ఉక్కువి. తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ బ్లేడ్లు 1960ల మొదట్లో గానీ బజార్లోకి విరివిగా రాలేదు. "గాజు గ్లాసు లోపలి గోడకు వేలితో ఆనించి ఇటూ అటూ రుద్దేవాళ్లం. ఇంకో నాలుగు రోజులు వచ్చేది" అని వేలితో గాల్లో చేసి చూపించారు.

బ్లేడు పోయాక లోపలి పలక మీద దాని ముద్ర మిగిలింది, నడుమ చీలికతో సహా గోధుమరంగు నీడ. నూనె అద్దిన దూదితో ఎంత పోతే అంత తీశాను, మిగిలింది వదిలేశాను. చిలుము కూడా అంతే. నూనెలో మెత్తబరిచి పుల్లతో తీస్తే కింద సూదిమొనంత గుంటలు బయటపడ్డాయి. వాటిని పూడ్చేదేమీ లేదు. నికెల్ సహజంగా కాస్త పసుపు ఛాయలో ఉంటుంది, కుళాయిల మీది క్రోమియంలా నీలి తెలుపు కాదు. అది తెలియనివాళ్లు "ఇంకా మెరుపు రాలేదు" అని రుద్దుతూనే ఉంటారు. రుద్ది రుద్ది చివరికి ఇత్తడి తేలుస్తారు. ఎర్రగడ్డ రేజరు విషయంలో నేను చేసింది అదే కాబట్టి ఆ ఆత్రం నాకు తెలుసు.

తల అడుగున పొర వదిలాక అక్షరాలు కనిపించాయి. జిలెట్ పేరుకు ఒక పక్క ఎఫ్, మరో పక్క 3. ఆ రోజుల్లో కంపెనీ అమెరికా రేజర్ల మీద తయారీ కాలం ఇలా వేసేది. అక్షరం సంవత్సరానికి, అంకె మూడు నెలల భాగానికి. ఏ అంటే 1955, అక్కడి నుంచి వరసగా లెక్కపెడితే ఎఫ్ అంటే 1960. 3 అంటే జులై నుంచి సెప్టెంబరు.

"కాదండీ. నేను కాలేజీలో చేరిన రోజున ఇచ్చాడు అన్నయ్య. 1957" అన్నారు మామయ్యగారు.

"రేజరు మీద 1960 అని ఉంది మామయ్యగారూ."

"రేజరుకేం తెలుసు?"

అత్తయ్యగారు వంటింట్లోంచే అన్నారు: "కాలేజీలో చేరినప్పుడు మీకు గడ్డం ఎక్కడిదండీ?" వాదన అక్కడితో ముగిసింది.

సాయంత్రం మందుల షాపులో తెచ్చిన స్పిరిట్‌లో పది నిమిషాలు ఉంచాను. ఇంట్లోవాళ్లదే అయినా రక్తం తగిలే వస్తువు. సంతలో కొన్నదైతే ఈ పని తప్పనిసరి. నికెల్‌కు స్పిరిట్‌తో ప్రమాదం లేదు. బంగారు మలాము రేజర్ల మీద మాత్రం కొన్నింటికి పైన పారదర్శకమైన లక్క పొర ఉంటుంది, స్పిరిట్ దాన్ని ఊడదీస్తుంది. వాటికి సబ్బు నీళ్లతో ఓపికగా రెండుమూడుసార్లు కడగడమే.

కనుమ నాడు కొత్త బ్లేడు వేసి ఎదురుగా పట్టుకుని చూశాను. బ్లేడు అంచు రెండు వైపులా సమానంగా బయటికి రావాలి. ఒకవైపు కాస్త ఎక్కువగా వచ్చింది. ఆ వైపు రెక్క అంచు కొంచెం వంగి ఉంది. కారణం అడిగితే మామయ్యగారు కాసేపు ఆలోచించి, నురగ దులపడానికి నూతి గట్టుకేసి కొట్టేవాడినని ఒప్పుకున్నారు. ఇన్నేళ్లు రోజుకు రెండు దెబ్బలు! వంచి సరిచేద్దామన్న ఆలోచన వచ్చింది. పాత ఇత్తడి ఒకసారి వంగాక రెండోసారి విరగవచ్చు. ఊరుకున్నాను. ఆ పక్కతో మెల్లగా గీసుకుంటే సరిపోతుంది, రెండో పక్క ఎలాగూ బాగుంది. ముందు నేను గీసుకుని చూశాను. గవదల మీద జారిపోయింది, గడ్డం కింద మాత్రం ఒక చోట తెగింది. తప్పు రేజరుది కాదు, అలవాటు కొద్దీ నొక్కాను. బరువు దానికే ఉంది, మనం నొక్కనక్కరలేదు.

ఎలా చూసుకోవాలో మామయ్యగారికి చెప్పడానికి ఎక్కువ సేపు పట్టలేదు. గీసుకోవడం అయ్యాక రెక్కలు తెరిచి కుళాయి కింద కడగాలి, గట్టుకేసి కొట్టకుండా చేత్తో దులపాలి. బ్లేడు అంచును గుడ్డతో తుడవకూడదు. మరను సగం తిప్పి వదులుగా ఉంచితే లోపల గాలి ఆడుతుంది. స్నానాల గదిలో కాకుండా బయట పెట్టుకోవాలి. వారానికోసారి సబ్బు నీళ్లు, మూడు నాలుగు నెలలకోసారి కుట్టుమిషను నూనె ఒక చుక్క. ముఖ్యంగా బ్లేడు లోపల పెట్టి మరిచిపోకూడదు. ఆయన తల ఊపారు. భోగి మంటలో వేద్దామనుకున్న వస్తువును పండగ కండువాలో చుట్టి బీరువాలో పెట్టారు.

ఎర్రగడ్డ రేజరుతో నేను రోజూ గడ్డం గీసుకుంటున్నాను. మూత నడుమ ఇత్తడి మచ్చ అలాగే ఉంది. నల్లబడినప్పుడల్లా చేయి చింతపండు డబ్బా వైపు పోబోతుంది, వెనక్కి తీసుకుంటాను.

ఉగాదికి రెండు రోజుల ముందు మామయ్యగారు ఫోను చేశారు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

"అల్లుడుగారూ, మీ అత్తయ్యగారు ఇత్తడి సామానంతా పెరట్లో పోసి చింతపండు పెట్టి తోముతున్నారు. రేజరు కూడా ఇవ్వమంటున్నారు."

"ఇప్పుడెక్కడుంది మామయ్యగారూ?"

"నా లాల్చీ జేబులో."